యాక్సిడెంట్ అయిన కారును విశాఖలో సొంతంగా అమ్మడం ఎలా? దెబ్బ లెక్క నుంచి ఆర్సీ మార్పు దాకా

మా స్విఫ్ట్‌కి కొమ్మాది దగ్గర దెబ్బ తగిలింది. తుంపర పడుతుండగా ముందున్న లారీ ఒక్కసారిగా ఆగింది, నేను ఆగలేకపోయాను. ఎవరికీ ఏమీ కాలేదు. బంపర్, బానెట్, ఎడమ హెడ్‌లైట్, రేడియేటర్ పోయాయి. ఎడమ వైపు ఏప్రాన్ (బానెట్ కింద, చక్రం పైన ఉండే లోపలి రేకు) కాస్త లోపలికి వంగింది. క్లెయిమ్ చేసి బాగు చేయించి, ఆరు నెలలు నడిపి, తర్వాత అమ్మకానికి పెట్టాను.

మొదటి ప్రకటనలో యాక్సిడెంట్ ఊసు ఎత్తలేదు. అబద్ధమేమీ రాయలేదు, అడిగితే చెబుదాంలే అనుకున్నాను. ఎంవీపీ కాలనీ నుంచి ఒకాయన మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ కుర్రాడు బానెట్ ఎత్తి, ఫెండర్ బోల్టుల మీద వేలు పెట్టి "ఇవి ఒకసారి విప్పారండి" అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అప్పుడు గబగబా లోపలికెళ్ళి బిల్లులన్నీ తెచ్చి చూపించాను. ఆయన మర్యాదగా అన్నీ చూసి, "ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తానండి" అన్నారు. ఆ ఫోన్ రాలేదు.

రెండో ప్రకటనలో అవే బిల్లుల ఫొటోలు ముందే పెట్టాను. పదకొండు రోజుల్లో బండి పోయింది, నేను మనసులో అనుకున్న ధరకు పన్నెండు వేలు తక్కువకి. దెబ్బ వల్ల తగ్గే ధర ఒకటుంటుంది, అనుమానం వల్ల తగ్గేది ఇంకొకటి. మొదటిదాన్ని మనం ఏమీ చేయలేం. రెండోదాన్ని దాదాపు సున్నాకి తేవచ్చు. కింద చెప్పబోయే పనుల్లో సగం దానికోసమే, మిగతా సగం అమ్మాక మన మెడకు ఏదీ చుట్టుకోకుండా చూసుకోవడానికి.

1. అసలు ఈ బండి అమ్మడానికి వీలుందా?

చాలామంది ఫొటోలతో మొదలుపెడతారు. బీరువాలోని కాగితాలతో మొదలుపెట్టండి.

యాక్సిడెంట్‌లో ఎవరికైనా గాయాలై పోలీసు కేసు నమోదైతే అది ముందు తేలాలి. అలాంటి కేసుల్లో బండిని పోలీసులు స్వాధీనం చేసుకుంటారు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేస్తారు, ఆ తర్వాత కోర్టు మధ్యంతర కస్టడీ కింద మనకు తిరిగిస్తుంది. ఆ ఉత్తర్వులో సాధారణంగా షరతులుంటాయి: కేసు తేలేదాకా అమ్మకూడదు, రూపం మార్చకూడదు, పిలిచినప్పుడు తెచ్చి చూపించాలి. బండి ఇంటికొచ్చిన సంతోషంలో ఆ కాగితం ఎవరూ చదవరు. తీసి చదవండి. షరతు ఉంటే లాయర్ ద్వారా కోర్టు అనుమతి తెచ్చుకున్నాకే బేరం.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ నడుస్తుంటే అది ముగిసి, డబ్బు పడేదాకా ఆగండి. సర్వేయర్ మళ్ళీ చూస్తానంటే బండి మీ దగ్గరే ఉండాలి, మీ పేరు మీదే ఉండాలి.

ఇక లోన్. ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే అప్పు తీర్చి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), దానితో పాటు ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఆ పేరు తీయించాలి. అప్పు తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిన బళ్ళు మన వీధిలోనే రెండుంటాయి. కొనేవాడు వచ్చాక చూసుకుందాం అనుకుంటే, ఆ ఆలస్యంలో కొనేవాడు ఇంకో బండి చూసుకుంటాడు.

ఇంకా పెద్ద దెబ్బయితే మరో సంగతి ఉంది. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన ఐడీవీలో (బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీలు దాన్ని టోటల్ లాస్ కింద లెక్కేస్తాయి. అప్పుడు కంపెనీ మొత్తం సొమ్ము ఇచ్చి తుక్కును వేరేవాళ్ళకు అమ్మించవచ్చు, లేదా తుక్కు విలువ మినహాయించి మిగతా డబ్బు ఇచ్చి బండిని మనకే వదిలేయవచ్చు. రెండో దారిలో బండి మన దగ్గర మిగిలితే, దాన్ని ఎవరికి ఇస్తున్నామో చాలా జాగ్రత్తగా చూడాలి. "బండి ఎలా ఉన్నా పర్లేదు, ఆర్సీతో సహా ఇచ్చేయండి, మంచి రేటు ఇస్తాం" అని ఒకడు ఫోన్ చేస్తాడు. వాడికి కావలసింది ఇనుము కాదు, మీ ఆర్సీ, మీ ఛాసిస్ నంబర్. దొంగిలించిన అదే మోడల్ కారుకి ఆ నంబర్ తగిలిస్తే అది రోడ్డు మీద మీ పేరుతో తిరుగుతుంది. మళ్ళీ రోడ్డెక్కే వీలే లేని బండి గురించి 14 రోజుల్లోగానో, వీలైనంత త్వరగానో రవాణా శాఖకు తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. అలాంటి బండిని గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి అప్పగించి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోవడమే మేలు. దాని అమ్మకం ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

2. దెబ్బను మూడు రకాలుగా విడదీయండి

"చిన్న యాక్సిడెంట్ అండి" అనే మాటకు మార్కెట్‌లో విలువ లేదు. అందరూ అదే అంటారు. ఏం పోయింది, ఎంతవరకు పోయింది అనేది మీకు కచ్చితంగా తెలియాలి.

మొదటిది పైపై దెబ్బ. బంపర్, ఫెండర్, బానెట్, డోర్, లైట్లు, అద్దాలు. ఇవన్నీ బోల్టులు విప్పి మార్చేవే. బండి ఒళ్ళు దెబ్బతినలేదు. ధర మీద వీటి ప్రభావం తక్కువ.

రెండోది యంత్ర భాగాల దెబ్బ. రేడియేటర్, ఏసీ కండెన్సర్, సస్పెన్షన్ ఆర్మ్, స్టీరింగ్ ర్యాక్ లాంటివి. కొత్తవి వేసి, వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు చూపిస్తే కొనేవాళ్ళు ఒప్పుకుంటారు.

మూడోది ఛాసిస్ దెబ్బ. ఏప్రాన్, పిల్లర్ (పైకప్పును మోసే స్తంభం), ఫ్లోర్, రూఫ్, ముందుకు పొడుచుకొచ్చే ఛాసిస్ కాళ్ళు. ఢీకొన్నప్పుడు మనుషుల్ని కాపాడేది ఈ భాగమే కాబట్టి ఇక్కడ కోతగానీ వెల్డింగ్‌గానీ ఉంటే ధర బాగా పడుతుంది. పడాలి కూడా. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న బండినీ ఇదే వరుసలో పెట్టండి. బ్యాగ్ ఒక్కటే మారిస్తే సరిపోదు. దాని కంట్రోల్ యూనిట్, సెన్సర్లు, సీటు బెల్టు బిగించే పరికరం కూడా చూసి అవసరమైనవి మార్చాలి. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఎవరో ఆ లైటునే పీకేశారేమోనని అనుమానించాలి. మీరు రెండో చేతిగా కొన్న బండి అయితే ఇది మీకు కూడా కొత్త వార్త కావచ్చు.

కొనేవాడి మెకానిక్ ఏం చూస్తాడో అదే మీరు ముందు చూసుకోండి. డోర్లకూ ఫెండర్లకూ మధ్య సందులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా? బోల్టుల మీద స్పానర్ గీతలున్నాయా? డిక్కీలో స్టెప్నీ తీసి చూస్తే అడుగున రేకు ముడత పడిందా? ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ వదిలితే బండి ఒక పక్కకు లాగుతుందా? రంగు మందం కొలిచే చిన్న మీటర్లు ఇప్పుడు చాలామంది దగ్గర ఉన్నాయి. కంపెనీ రంగు సాధారణంగా 100-150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, మళ్ళీ రంగేసిన చోట అంకె పెరుగుతుంది, కింద పుట్టీ ఉంటే ఎక్కడికో పోతుంది. మీటర్ లేనివాడు అయస్కాంతం తెస్తాడు. పుట్టీ మందంగా ఉన్నచోట అది అంటుకోదు.

తెలిసిన మెకానిక్‌కి కొంత డబ్బిచ్చి, బండిని లిఫ్ట్ మీద పెట్టించి, చూసినవన్నీ తేదీతో కాగితం మీద రాయించుకోండి. ఈ ఒక్క కాగితం తర్వాత చాలా వాదనల్ని తప్పిస్తుంది.

3. బాగు చేయించి అమ్మాలా, ఉన్నది ఉన్నట్టు అమ్మాలా?

ఇన్సూరెన్స్ ఉంటే క్లెయిమ్ చేసి బాగు చేయించడమే నా సలహా. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పోతుంది, నిజమే. కానీ మరమ్మతు బిల్లు పెద్దదైతే ఆ బోనస్ దాని ముందు చిన్నది. పైగా సర్వే రిపోర్టు, విడిభాగాల బిల్లు, మరమ్మతుకు ముందు ఫొటోలు అన్నీ ఒక ఫైలుగా వచ్చేస్తాయి.

ఇన్సూరెన్స్ లేకపోతే లెక్క మారుతుంది. బండి నడవడానికి, కొనేవాడు నడిపి చూడడానికి కావలసినవి చేయించండి: లైట్లు, పగిలిన అద్దం, రేడియేటర్, బ్రేకులు, టైర్లు. డోర్ మీద సొట్ట, బంపర్ చీలిక లాంటివి అలాగే వదిలేసినా నష్టం లేదు. గల్లీ షెడ్డులో తక్కువకి పుట్టీ కొట్టించి మెరిపిస్తే పెట్టిన డబ్బు వెనక్కి రాదు, పైగా కొత్త రంగు చూడగానే "ఏదో దాచారు" అంటారు. కనిపించే సొట్టకి ఖర్చెంతో కొనేవాడికి తెలుసు. కనిపించని సొట్టకి వాడు తన భయాన్ని బట్టి లెక్కేస్తాడు.

విశాఖలో మరో చిక్కు ఉప్పు గాలి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఋషికొండ వైపు ఉండేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. దెబ్బ తగిలి రంగు లేచిన చోట రేకు తేలిపోయి ఉంటే, అమ్ముడుపోయేలోపే అక్కడ తుప్పు పొడుచుకొస్తుంది. పూర్తి రంగు వద్దనుకున్నా ఆ చోట తుప్పు గీకించి ప్రైమర్ మాత్రం కొట్టించండి. బండి నడవని స్థితిలో ఉంటే షెడ్డు ఆవరణలో నెలల తరబడి వదలకండి. రోజువారీ పార్కింగ్ అడుగుతారు, బ్యాటరీ, స్టీరియో, మంచి టైరు ఒక్కొక్కటే మాయమవుతాయి. అప్పగించేటప్పుడు ఏమేమి ఉన్నాయో వీడియో తీసి పెట్టుకోండి.

నంబర్ ప్లేటు విరిగితే దారాలు కట్టి నెట్టుకురాకండి. 2019 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బళ్ళకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. విరిగినదాని బదులు కొత్తది పద్ధతి ప్రకారమే తెప్పించాలి.

4. ధర కట్టడం

నేను మూడు అంకెలు రాసుకున్నాను. మొదటిది పై అంకె: అదే మోడల్, అదే సంవత్సరం, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన, దెబ్బ తగలని బండికి మన ఊళ్ళో ఎంత అడుగుతున్నారు? పది ప్రకటనలు చూస్తే తెలుస్తుంది. అడిగేదీ అమ్మేదీ ఒకటి కాదు కాబట్టి కొంచెం తగ్గించి రాసుకోండి. నాకు 4,10,000 వచ్చింది.

రెండోది కింది అంకె. పాత కార్లు కొనే సంస్థలు ఇంటికొచ్చి చూసి ఎంత ఇస్తామంటాయో కనుక్కోండి. అమ్మకపోయినా సరే, రెండుచోట్ల అడగండి. బండి బాగు చేయించని స్థితిలో ఉంటే గాజువాక ఆటోనగర్‌లో కూడా ఒక మాట అడగాలి. అక్కడ సొంత షెడ్డు ఉన్నవాళ్ళు ఇలాంటివి కొని తామే సరిచేసుకుంటారు. కూలీ ఖర్చు వాళ్ళకు తక్కువ కాబట్టి కొన్నిసార్లు మామూలు మనిషి కన్నా వాళ్ళే ఎక్కువ ఇవ్వగలరు. ఈ అంకె కన్నా తక్కువకి ఎవరడిగినా మాట్లాడే పనిలేదు.

మూడోది ఈ రెంటి మధ్య మీరు అమ్మదలచినది. పై అంకెలోంచి ఇంకా మిగిలిన మరమ్మతుల ఖర్చు తీసేయండి. ఆ తర్వాత "యాక్సిడెంట్ బండి" అన్న పేరుకి కొంత. పైపై దెబ్బకి ఇది కొద్దిగానే, ఏప్రాన్ దాకా వెళ్తే గట్టిగానే. దీనికి సూత్రం ఎక్కడా లేదు, ఎవరైనా కచ్చితమైన శాతం చెబితే నమ్మకండి. నేను ఏభై వేలు తీసి 3,60,000 అనుకున్నాను, 3,75,000 అడిగాను, 3,48,000కి ఇచ్చాను. బేరం లేకుండా బండి కొనే మనిషి మన వైపు ఇంకా పుట్టలేదు, కాబట్టి బేరానికి కాస్త చోటు ఉంచాలి. మరీ ఎక్కువ ఉంచితే ఫోనే రాదు.

5. ప్రకటనలో దెబ్బ గురించి మీరే రాయండి

చట్టం వైపు నుంచి చూసినా ఇదే మంచిది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని దాచడం మోసం కిందికి వస్తుంది. అలా కుదిరిన ఒప్పందాన్ని కొన్నవాడు రద్దు చేయమనవచ్చు. ఊరికే నోరు మూసుకోవడం వేరు, వెల్డింగ్ మీద రంగేసి "ఎక్కడా దెబ్బ లేదండి" అనడం వేరు. రెండోదానికి పోలీస్ స్టేషన్ దాకా నడవాల్సి రావచ్చు.

నేను పెట్టిన ప్రకటన దాదాపు ఇలా ఉంది:

"2016 స్విఫ్ట్ పెట్రోల్, ఏపీ 31, మొదటి ఓనర్, 68,000 కి.మీ. కిందటేడు ముందు భాగం లారీకి తగిలింది. బానెట్, బంపర్, ఎడమ హెడ్‌లైట్, రేడియేటర్ కొత్తవి. ఎడమ ఏప్రాన్ లాగి సరిచేశారు, కోత లేదు, వెల్డింగ్ లేదు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. మరమ్మతుకు ముందు ఫొటోలు, సర్వే రిపోర్టు, బిల్లులు, అలైన్‌మెంట్ రిపోర్టు ఉన్నాయి. లోన్ లేదు, చలాన్లు లేవు. మీ మెకానిక్‌ని తెచ్చుకోండి."

ఆఖరి వాక్యానికి వచ్చిన ఫోన్లు ఎన్నో! "మీరే తెచ్చుకోమన్నారు కదండీ" అనే మొదలుపెట్టారు.

ఫొటోలు ఉదయం ఏడింటికి నీడలో తీయండి. నలుమూలల నుంచి, బానెట్ ఎత్తి, డిక్కీ తెరిచి, డ్యాష్‌బోర్డు వెలిగినప్పుడు. దెబ్బ తగిలిన చోట దగ్గరగా రెండు. ఆర్సీ ఫొటో మాత్రం ప్రకటనలో పెట్టకండి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు చూడాల్సింది ఎదురుగా వచ్చినవాళ్ళే.

ఎవరైనా అడగకముందే పెండింగ్ చలాన్లు కట్టేయండి, పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్తది తీసుకోండి, రెండో తాళం వెతికి పెట్టండి. రెండో తాళం లేని యాక్సిడెంట్ బండి అంటే కథలు అల్లేస్తారు.

6. వచ్చే ఫోన్లు, వచ్చే మనుషులు

మొదటి రోజు ఫోన్లలో ఎక్కువ భాగం బ్రోకర్లవే. "కస్టమర్ రెడీగా ఉన్నాడండీ, లాస్ట్ ఎంత?" అంటారు. బండి చూడకుండా ఆఖరి ధర అడిగిన ఎవరికీ చెప్పకండి. చూశాక మాట్లాడదాం అంటే చాలు, సగం మంది తప్పుకుంటారు.

విశాఖలో ఒక మోసం బాగా నడుస్తుంది, ఎందుకంటే ఇక్కడ అది నమ్మేలా ఉంటుంది. "నేవీలో పని చేస్తున్నానండి, డ్యూటీలో ఉన్నాను, రాలేను, అడ్వాన్స్ పంపుతాను" అంటాడు. యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు కూడా పంపుతాడు. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్ళో, ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒక నేవీ కుటుంబం ఉండే చోట, మనకు అనుమానం రాదు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అంటాడు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే కొడతాం, పుచ్చుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున ఈ వలలో పడితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నిజమైన నేవీ మనిషి ఆదివారం సకుటుంబంగా వచ్చి బండి చూస్తాడు.

శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి నుంచి వచ్చేవాళ్ళతో ఇబ్బంది లేదు, రాష్ట్రం లోపలే కాబట్టి పేరు మార్పు సులువు. ఒడిశాలోని కోరాపుట్, జైపూర్, రాయగడ, బరంపురం నుంచి కూడా చాలామంది కొనడానికి వస్తారు. ఒడిశాకి వెళ్ళే బండికి ఫారం 28తో మన రవాణా శాఖ ఎన్ఓసీ కావాలి. బండి దొంగ బండి కాదని రికార్డు తనిఖీ కూడా ఉంటుంది. ఎన్ఓసీ ఇచ్చినంత మాత్రాన మీ పేరు పోదు, అక్కడ కొత్త పేరు మీద ఎక్కేదాకా రికార్డులో మీరే ఓనర్. నేను ఒడిశా బేరం ఒకటి వదులుకున్నాను, ఐదు వేలు ఎక్కువ ఇస్తానన్నా సరే.

బండిని జనం తిరిగే చోట చూపించండి. నడిపి చూస్తామంటే లైసెన్స్ చూసి, మీరు పక్క సీట్లో కూర్చుని, ఇన్సూరెన్స్ అమల్లో ఉందని ఖాయం చేసుకున్నాకే తాళం ఇవ్వండి. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో తిప్పితే బండి సంగతి ఏమీ తెలియదు. హనుమంతవాక దాటి ఎండాడ వైపు తీసుకెళ్ళాను, అక్కడ కొంచెం వేగం, కొంచెం ఎత్తు రెండూ ఉంటాయి. దెబ్బ తగిలిన బండి తిన్నగా పరిగెడుతోందని చూపించడానికి అదే మంచి చోటు.

బేరం దగ్గర జరిగే సంభాషణ దాదాపు ఒకేలా ఉంటుంది.

"ఏటండీ మాస్టారూ, యాక్సిడెంట్ బండికి ఇంత చెప్తున్నారేటి?"

"దెబ్బ తగలకపోతే నాలుగు లక్షల పైమాటేనండి. దెబ్బకి తగ్గించాకే ఈ రేటు. బిల్లులు చూడండి, ఇంకెక్కడైనా ఖర్చుందని మీ మెకానిక్ చెబితే అది తగ్గిద్దాం."

దీనికి ఆయన దగ్గర జవాబు ఉండదు. ఉంటే అది నిజమైన లోపమే, తగ్గించాల్సిందే. మా బండికి వెనక బ్రేక్ షూలు అరిగాయని తేల్చారు, మూడు వేలు తగ్గించాను.

7. డబ్బు, కాగితం

ఆదాయ పన్ను చట్టం ప్రకారం ఒక లావాదేవీకి 2 లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకోకూడదు. పుచ్చుకున్నవాడికే, అంటే మనకే, అంత మొత్తం జరిమానా పడవచ్చు. బ్యాంకు బదిలీ అడగండి. వచ్చిందని వాళ్ళ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూసి కాదు, మీ ఖాతాలో చూసుకుని తాళం ఇవ్వండి. బయానా తీసుకుంటే ఎన్ని రోజుల గడువో, తప్పితే బయానా ఏమవుతుందో ఒక చీటీ మీద రాసుకోండి.

ఒప్పందం 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద రాయించడం మన దగ్గర అలవాటు. ఇద్దరి పేర్లు, చిరునామాలు, బండి నంబర్, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, ధర, ఎలా చెల్లించారు అన్నవి ఎలాగూ ఉంటాయి. యాక్సిడెంట్ బండికి అదనంగా ఒక పేరా పెట్టండి: ఎప్పుడు దెబ్బ తగిలింది, ఏయే భాగాలు మార్చారు, ఏవి సరిచేశారు, ఏవి ఇంకా మిగిలాయి, ఈ వివరాలన్నీ ఫొటోలు, బిల్లులతో సహా చూసి, సొంత మెకానిక్‌తో తనిఖీ చేయించుకుని కొంటున్నానని కొనేవాళ్ళ మాటగా. "ఉన్నది ఉన్నట్టుగా" అన్న ఒక్క ముక్క రాసి ఊరుకుంటే చాలదు. చెప్పని దెబ్బ బయటపడితే ఆ ముక్క మిమ్మల్ని కాపాడలేదు.

బండి అప్పగించిన తేదీతో పాటు గంట, నిమిషం రాయండి. సాయంత్రం ఆరున్నరకి ఇచ్చారనుకోండి, ఏడింటికి ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర సిగ్నల్ దాటిన చలాన్ ఎవరిదో ఆ కాగితమే తేలుస్తుంది. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. కొన్నవాళ్ళ ఆధార్ కాపీ తీసుకోండి. మీ ఆధార్ కాపీ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా "ఫలానా నంబర్ కారు అమ్మకం కోసం మాత్రమే" అని రాసి సంతకం చేయండి.

8. పేరు మార్పు: ఇక్కడే ఎక్కువమంది మునుగుతారు

ఫారం 29 అమ్మినట్టు మనం ఇచ్చే నోటీసు. ఫారం 30 ఇద్దరూ సంతకం చేసి పేరు మార్చమని అడిగేది. చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజుల్లో మనం తెలియజేయాలి, 30 రోజుల్లో కొన్నవాళ్ళు దరఖాస్తు చేయాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఆర్సీలో నమోదైన మొబైల్ నంబర్ పాతదైతే ముందు దాన్ని మార్పించుకోండి, ఓటీపీలు దానికే వస్తాయి. కొన్నవాళ్ళు విశాఖలో ఉంటే మాధవధారలోని రవాణా శాఖ కార్యాలయం, లేకపోతే వాళ్ళు ఉండే చోటి కార్యాలయం. మా బండి కొన్నాయన చోడవరంలో మాస్టారు, ఆయన అనకాపల్లి వైపు చూసుకున్నారు.

బ్రోకర్లు ఇంకోలా చెబుతారు. "29, 30 మీద సంతకాలు పెట్టేయండి సార్, తేదీ, పేరు మేం రాసుకుంటాం." ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టారా, ఆ బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో మీ పేరే. దీని ఫలితం ఏమిటో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చేసింది. ఆ కేసులో 2007లోనే అమ్మేశానన్న వ్యక్తి పేరే ఆర్సీలో ఉండిపోయింది. బండి చేతులు మారుతూ పోయి 2009లో యాక్సిడెంట్ చేసింది. చట్టం దృష్టిలో ఓనర్ అంటే రికార్డులో పేరున్నవాడేనని, పరిహారం బాధ్యత అతడిదేనని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. స్టాంప్ పేపర్ చూపించి తప్పించుకునే దారి లేదు. అమ్మినది యాక్సిడెంట్ బండి అయినప్పుడు మళ్ళీ యాక్సిడెంట్ అయితే అడిగే ప్రశ్నలు ఇంకెలా ఉంటాయో ఊహించుకోండి.

అందుకే నేను పది వేలు నా దగ్గర ఉంచమన్నాను. అంటే ధరలోంచి కాదు. పేరు మారాక తిరిగిచ్చేలా కొన్నాయనే అదనంగా నా దగ్గర ఉంచారు, ఒప్పందంలో రాసుకున్నాం. కొందరు ఒప్పుకోరు. అలాంటప్పుడు ఇద్దరూ కలిసి కూర్చుని ఆన్‌లైన్ దరఖాస్తు పూర్తయ్యాకే తాళం ఇవ్వండి. తర్వాత వారానికోసారి ఆర్సీ వివరాలు ఆన్‌లైన్‌లో చూస్తూ ఉండండి, కొత్త పేరు కనిపించేదాకా.

పాత కార్ల సంస్థకి అమ్మినా ఇదే జాగ్రత్త. 2023 ఏప్రిల్ 1 నుంచి గుర్తింపు పొందిన డీలర్లకు వేరే నిబంధనలున్నాయి, బండి అప్పగించిన సంగతి వాళ్ళ ద్వారా రికార్డుకి ఎక్కాలి. గుర్తింపు ఉందో లేదో అడగండి.

9. ఇన్సూరెన్స్, ఫాస్టాగ్

పేరు మార్పుతో పాటు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కొన్నవాళ్ళకు వెళ్ళినట్టే చట్టం లెక్కేస్తుంది, కానీ పాలసీలో పేరు మార్చమని వాళ్ళు 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. సొంత బండి దెబ్బకి వచ్చే భాగం మాత్రం అలా దానంతటదే వెళ్ళదు. ఈ సంగతి కొన్నవాళ్ళకు మీరే చెప్పండి. మీకు నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) మిగిలి ఉంటే అది మీది, బండిది కాదు. కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్ళలోపు కొనే మరో కారుకి వాడుకోవచ్చు. నేను క్లెయిమ్ చేశాను కాబట్టి నాకు లేదు.

ఫాస్టాగ్ అద్దం మీద నుంచి పీకేస్తే సరిపోదు, జారీ చేసిన బ్యాంకుకి చెప్పి మూయించాలి. ఇన్ని జాగ్రత్తలు చెప్పిన నేను అది మర్చిపోయాను, పీకనైనా పీకలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నం తింటుండగా వేంపాడు టోల్‌ప్లాజాలో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. మాస్టారికి ఫోన్ చేశాను. తునిలో మేనకోడలి పెళ్ళికి వెళ్తున్నారట. "అయ్యో, నాదే అనుకున్నానండీ" అని ఆ నిమిషంలోనే ఫోన్‌పే చేశారు. బండి ఎలా నడుస్తోందని అడిగాను. ఎడమ వైపుకేమీ లాగట్లేదన్నారు.